కేబులమ్మ ఇంటి ఛానెల్

ఆమదాలవలస స్టేషను నుంచి ధాన్యం గోదాముల వైపు పోయే వీధిలో కన్యాకుమారి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరైనా కాసేపు ఆలోచిస్తారు. కేబులమ్మ ఇల్లు అంటే మాత్రం బడిపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఆ ఇంట్లో కేబుల్ వ్యాపారం మూతబడేనాటికి ఆ పిల్లలు పుట్టనైనా లేదు. వ్యాపారం పోయినా పేరు ఉండిపోయింది.

ఆవిడ రాజాం పిల్ల. అత్తవారిది పప్పులూ బెల్లం అమ్మే కొట్టు. ఆ ఇంటి కొడుకు కాశీవిశ్వనాథానికి చిన్నప్పటి నుంచీ తక్కెడ అంటే విసుగు, వైర్లంటే ప్రాణం. పెళ్ళికి ముందే మేడ మీద పెద్ద డిష్ బిగించి ఊరికి టీవీ పంచడం మొదలుపెట్టాడు. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే భార్యకి వంటింటి వెనక గది చూపించి, ఇక నుంచి ఇది నువ్వు చూసుకోవాలి, నేను స్తంభాలు ఎక్కాలి అన్నాడట. గదిలో ఒక ఇనప రాక్, దాని నిండా వేడెక్కి గుయ్యిమనే పెట్టెలు, కింద రెండు వీసీఆర్లు. కొత్త కోడలు భయపడుతుందనుకున్నారు. ఆవిడ పులుసు పొయ్యి మీద పెట్టి, అది మరిగేలోపు కేసెట్టు మార్చి వచ్చేంతగా అలవాటు పడిపోయింది.

రోజూ సాయంత్రం ఆ గది నుంచి ఊరి ఛానెల్ ఒకటి నడిచేది. ఎవరి ఆవు తప్పిపోయింది, రేషను ఎప్పుడిస్తారు, బడిలో ఆటల పోటీలు ఎలా జరిగాయి, ఇవే అందులో కార్యక్రమాలు. విశ్వనాథం ఒక కెమెరా కొని ఊళ్ళో జరిగే ప్రతిదీ తీసుకొచ్చేవాడు. ఏ రోజు ఏది వెయ్యాలో నిర్ణయించేది మాత్రం కన్యాకుమారి. కూరల బజారులో ఆవిడ కనపడితే చాలు, వంకాయలమ్మేవాళ్ళు కూడా ఈయాల ఏటేస్తావు కేబులమ్మా అని అడిగేవారు. ఆ ప్రశ్న వినడం ఆవిడకి ఎంత ఇష్టమో మొగుడికి కూడా తెలీదు.

తరవాత పెద్ద కంపెనీలు వచ్చాయి. ప్రతి ఇంటి మీదా చిన్న డిష్‌లు లేచాయి. విశ్వనాథం లైన్లు వాళ్ళకి అప్పజెప్పేసి, ముందు గదిలో ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మే కొట్టు పెట్టాడు. వానలో స్తంభం ఎక్కే పని తప్పినందుకు ఆయన హాయిగానే ఉన్నాడు. వెనక గదిలోకి ఉల్లిపాయల బస్తాలు వచ్చాయి. కన్యాకుమారి మాత్రం చాలా కాలం పాటు సాయంత్రం ఆరయ్యేసరికి చేతులు ఊరికే ఉండలేక ఏదో ఒకటి సర్దుతూ ఉండేది.

పాత టేపులన్నీ ఇనప పెట్టెలో ఉండిపోయాయి. కూతురు సింధూరి విజయనగరంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. బూజు పట్టి పోతాయేమోనని ఆ పిల్లే కొన్నేళ్ళ కిందట వాటినన్నిటినీ ఒక స్టూడియోలో ఇచ్చి హార్డ్‌డిస్కులోకి ఎక్కించింది. ఆ హార్డ్‌డిస్కు బీరువాలో పట్టుచీరల కింద పడి ఉంది.

పోయిన వేసవిలో అత్తగారు జగ్గమ్మ నీళ్ళగదిలో జారిపడింది. ఎనభై దాటిన మనిషి, తుంటికి ఆపరేషను చేశారు. అంతకుముందు ఆవిడ పొద్దున్న అరుగు మీద కూచుంటే మధ్యాహ్నానికి వీధి సంగతులన్నీ ఆవిడ చేతిలో ఉండేవి. ఇప్పుడు నడకకి నాలుగు కాళ్ళ కర్ర, కూచోడానికి టీవీ ముందు కుర్చీ. సీరియళ్ళంటే ఆవిడకి ఒళ్ళు మంట. ఒక రోజు అన్నాలయ్యాక రిమోట్ పక్కన పడేసింది.

"ఈ ఏడుపులు నానేటి సూస్తానే కోడలా. నాకు కాలు నొప్పి సాలదేటి. మన అమ్మోరి సంబరం ఎయ్యి. నువ్వు ఏసీదానివి కదా."

కన్యాకుమారి బీరువా తెరిచి హార్డ్‌డిస్కు తీసుకొచ్చి టీవీకి గుచ్చింది. ఫైళ్ళ పేర్లు కనిపించాయి. నొక్కితే మాత్రం ఈ రకం ఫైలు తెరవడం కుదరదని టీవీ చెప్పింది. ఒకటి కాదు, అన్నీ అంతే. ఫోన్లో చూపిద్దామంటే అత్తగారికి ఆ బొమ్మ చీమంత కనిపిస్తుంది. ఆ పూటకి ఏదో భక్తి ఛానెల్ పెట్టి తప్పించుకుంది గాని, మనసు ఊరుకోలేదు. ఒకప్పుడు ఊరందరికీ చూపించినదాన్ని, ఇంట్లో ఒక్క మనిషికి చూపించలేకపోయానే అని కూతురికి ఫోన్ చేసి చెప్పుకుంది.

సింధూరి ఆదివారం పాసింజర్ బండిలో వచ్చి సంచిలోంచి ఒక చిన్న పచ్చ రేకు లాంటి బోర్డు తీసి తల్లి చేతిలో పెట్టింది. అరచెయ్యి అంత కూడా లేదు. మీద నల్లటి చిప్పులు, అంచుల్లో వైర్లు గుచ్చే కన్నాలు. పిల్లలకి ప్రయోగాలు చూపించడానికి కొనుక్కుందట, ఇప్పుడు కొత్తది వచ్చింది కాబట్టి ఇది ఖాళీగా ఉందట.

"ఇది మొత్తం కంప్యూటరేనమ్మా. హార్డ్‌డిస్కు దీనికి తగిలించు. ఏ రకం ఫైలైనా ఇదే విప్పి టీవీకిస్తుంది. వైఫై మీద పక్క గదిలో టీవీకీ ఇస్తుంది, నీ ఫోనుకీ ఇస్తుంది."

కన్యాకుమారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటే మన ఎనక గది మొత్తం ఇందులో ఉన్నాదన్నమాట," అంది.

సింధూరి నవ్వి, అంతేనంది. తానే బిగించి వెళ్ళేదే గాని మర్నాడు కాలేజీలో పరీక్షలు. ఎలా చెయ్యాలో చెప్పి, కొన్ని వీడియోల పేర్లు చెప్పి సాయంత్రం బండికి వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్లో బిల్లులు వేసే లాప్‌టాప్ వంటింటి బల్ల మీదకొచ్చింది. వీడియోల్లో ఒకటి తెలుగు, మిగతావి ఇంగ్లీషు. కన్యాకుమారి పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు వినడం కష్టంగాని, తెర మీద వాళ్ళు ఎక్కడ నొక్కుతున్నారో చూడడానికి భాషెందుకు. ఆపి ఆపి చూసి, వాళ్ళు నొక్కిన చోటే నొక్కింది. వేలిగోరంత మెమరీ కార్డులోకి ప్రోగ్రాం ఎక్కించి, బోర్డుకి గుచ్చి, టీవీకి వైరు పెట్టి, అలమారులో ఉన్న పాత ఫోను చార్జరు తగిలించింది. తెర మీద రంగులొచ్చాయి. మూల ఒక చిన్న పసుపు మెరుపు గుర్తు కూడా వచ్చింది. హార్డ్‌డిస్కు తగిలించగానే టిక్కు టిక్కుమని రెండుసార్లు చప్పుడు చేసి, మొత్తం ఆరిపోయి, మళ్ళీ మొదటి నుంచి వెలిగింది. ఎన్నిసార్లు చేసినా అదే వరస.

విశ్వనాథం కొట్లోంచి మంచినీళ్ళకి లోపలికొచ్చి వెనక నిలబడి చూశాడు. ఈ బోర్డుల సంగతి ఆయనకేమీ తెలీదు. కానీ ఆ ఆరడం వెలగడం మాత్రం ఎక్కడో చూసినట్టనిపించింది.

"గోదాముల అవతల శివారిళ్ళకి బొమ్మ ఇలాగే కొట్టుకునేది కాదేటి కుమారీ," అన్నాడు. "బొమ్మ రాకపోతే ముందు కరెంటు సూడమని నీకు సెప్పినది నేనే."

అప్పుడు ఆవిడకి మెరుపు గుర్తు సంగతి అర్థమైంది. పాత చార్జరు ఇచ్చే కరెంటు బోర్డుకే బొటాబొటీగా ఉంటే, హార్డ్‌డిస్కు కూడా అందులోంచే తాగుతోంది. కొట్లోంచి గట్టి అడాప్టరు ఒకటి తెచ్చి బోర్డుకిచ్చి, హార్డ్‌డిస్కుకి వేరే కరెంటు పెట్టారు. మెరుపు పోయింది. ఫైళ్ళు వరసగా తెర మీద నిలబడ్డాయి.

బొమ్మ వచ్చింది గాని నడక రాలేదు. మనుషులు నాలుగడుగులు వేసి ఆగిపోయేవారు, మాట ముందుకెళ్ళిపోయేది, నోళ్ళు తరవాత కదిలేవి. జగ్గమ్మ కాసేపు చూసి వీళ్ళందరికీ నా కాలే వచ్చినట్టుందంది. బోర్డు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. సింధూరికి ఫోన్ చేస్తే, పాత ఫైళ్ళు మరీ బరువైనవి, విప్పలేక అది ఆయాసపడుతోంది, లాప్‌టాప్‌లో పెట్టి తేలికైన రకంలోకి మార్చాలి అంది. టేపు ఒక్కదానికి ఒక పూట పట్టేది. పగలంతా వంటింట్లో లాప్‌టాప్ తన పని తాను చేసుకుంటూ ఉంటే కన్యాకుమారి పక్కన కూరలు తరుక్కునేది. కొట్లో బిల్లులు మళ్ళీ చేత్తో రాసుకోవలసి వచ్చిందని విశ్వనాథం గొణిగాడు గాని లాప్‌టాప్ అడగలేదు.

వేడి తగ్గడానికి బోర్డు మీద చిన్న ఫ్యాను పెట్టమని కూడా సింధూరి చెప్పింది. నాలుగు రెక్కలవీ మూడు రెక్కలవీ అన్ని రకాల ఫ్యాన్లూ అమ్మే మనిషి ఇంట్లో అగ్గిపెట్టంత ఫ్యాను దొరకలేదు. చివరికి ఆయన పాడైన కంప్యూటర్ ఒకటి విప్పి అందులోంచి ఊడదీసి తెచ్చాడు. అంతటితో ఆగకుండా, ఇంత కష్టపడ్డదాన్ని బల్ల మీద బట్టలూడినట్టు ఎలా వదిలేస్తామని, ఆవిడ పెళ్ళినాటి స్టీలు పోపుల డబ్బా అడిగి, డ్రిల్లింగ్ మిషనుతో చుట్టూ కన్నాలు పెట్టి, బోర్డుని అందులో కూచోబెట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మూత పెట్టగానే వైఫై పోయింది.

ఇద్దరూ సాయంత్రం దాకా రౌటరు ఆపి, పెట్టి, వైర్లు పీకి, గుచ్చి చూశారు. మూత తీస్తే వస్తుంది, పెడితే పోతుంది. కుర్చీలోంచి చూస్తున్న జగ్గమ్మ, మూత పెడితే దానికి ఊపిరాడటం లేదేమోనంది. కూతుర్ని అడిగితే స్టీలు లోంచి వైఫై బయటికి రాదని తెలిసింది. ఊపిరి సంగతి అత్తగారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదని కన్యాకుమారి అనుకుంది. సింధూరి చిన్నప్పటి ప్లాస్టిక్ టిఫిను డబ్బా అటక మీద నుంచి దింపి, బోర్డుని అందులోకి మార్చింది. కన్నాలు పడ్డ పోపుల డబ్బా ఆ తరవాత వెల్లుల్లిపాయలకి పనికొచ్చింది.

అంతా కుదిరిందనుకున్న వారానికి ముసురు పట్టింది. కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోయి వచ్చిందో లెక్కలేదు. ఒక పొద్దున్న టీవీ పెడితే నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఏమీ లేవు. పని మధ్యలో కరెంటు పోవడంతో మెమరీ కార్డు పాడైంది. హార్డ్‌డిస్కులో టేపులు భద్రంగానే ఉన్నాయి గాని, బోర్డుకి ప్రోగ్రాం మొదటి నుంచి ఎక్కించాలి. ఆ రోజు మాత్రం కన్యాకుమారికి ఏడుపొచ్చినంత పనైంది. టిఫిను డబ్బా తీసి అలమారులో పెట్టేసి, మధ్యాహ్నం వరకు దాని వైపు చూడలేదు. టీ తాగాక మళ్ళీ తీసింది. ఈసారి వీడియోలు చూడకుండానే అన్నీ గుర్తొచ్చాయి. దీపాలు పెట్టేవేళకి పూర్తయింది. బోర్డుని ఇన్వర్టరు లైనుకి కలిపి, ఇంకో కార్డులో నకలు కూడా పెట్టుకుంది. ఫైళ్ళకి స్టూడియోవాళ్ళు పెట్టిన అంకెలు తీసేసి తెలుగులో పేర్లు రాసింది. నాగావళికి నీళ్ళొచ్చిన రోజు. మన బడి ఆటల పోటీలు. అమ్మవారి సంబరం. పక్కన బొమ్మలు కూడా పెట్టింది.

జగ్గమ్మ సంబరం చూడాలనడం ఊసుపోక కాదని అప్పటికి గాని కోడలికి తెలియలేదు.

ఎదురింటి కూర్మమ్మది వ్యవసాయ కుటుంబం, ఊరవతల వరి పొలాలున్నాయి. ఆవిడా జగ్గమ్మా ఒకప్పుడు వదినా అంటే వదినా అనుకునేవారు. ఒక ఏడాది అమ్మవారి సంబరంలో ఇద్దరూ పసుపునీళ్ళూ వేపమండలూ వేసిన ముర్రాట బిందెలు నెత్తిన పెట్టుకుని పక్కపక్కనే నడిచారు. గుడి మలుపు దగ్గర కూర్మమ్మ బిందె కిందపడింది. జగ్గమ్మ ముందుకెళ్ళాలని తోసిందని ఆ ఇంటివాళ్ళు, కూర్మమ్మే కాలికి అడ్డం వచ్చి పడిందని ఈ ఇంటివాళ్ళు. అంతే, ఆ రోజు నుంచి ఇరవై ఏళ్ళకి పైగా మాటల్లేవు. పెళ్ళిళ్ళకి పిలుపులు మాత్రం కోడళ్ళ చేత వెళ్ళేవి. ఆ ఏడాది సంబరం తీసింది విశ్వనాథమే. తగువు ఇంకా ముదురుతుందని కన్యాకుమారి అప్పట్లో ఆ టేపు ఛానెల్లో వెయ్యలేదు. టేపు చూస్తే ఎవరు తోశారో తేలిపోతుందని మంచాన పడ్డ నాటి నుంచీ జగ్గమ్మ మనసులో ఉంది.

"ఆ మలుపు రాకముందే ఆపు," అంది కోడలితో. "కూర్మమ్మని పిలువు. ఆవిడ కూడా సూడాలి."

కన్యాకుమారికి ఇది నచ్చలేదు. తేలితే ఒకరు ఓడిపోతారు, ఎనభై ఏళ్ళప్పుడు ఓడిపోవడం ఎవరికి బాగుంటుంది. ఆ మాటే మెల్లగా చెప్పి చూసింది. జగ్గమ్మ వినలేదు. చివరికి వీధి దాటి వెళ్ళి, సంబరం టేపు పెట్టాము పిన్నీ, అత్త రమ్మంటన్నాది అని చెప్పింది. కూర్మమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. కాసేపు ఏరడం ఆపలేదు. తరవాత చేట పక్కన పెట్టి, చీర మార్చుకొస్తానంది.

వచ్చి గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకుని కూచుంది. జగ్గమ్మ తెర వైపే చూస్తోంది. ఎలా ఉన్నావని ఇద్దరూ అడగలేదు. కన్యాకుమారి టేపు నడిపించింది.

సన్నాయి, డప్పులు, ఎండలో మెరిసే ఇత్తడి బిందెలు. ఆడవాళ్ళు రెండు వరసల్లో వస్తున్నారు. అప్పటికింకా పెంకుటిళ్ళే ఉన్న వీధి అది. ఇదిగో ఫలానా, అదిగో ఫలానా అని పేర్లు నోటిదాకా వచ్చినా ఇద్దరూ మింగేశారు. కాసేపటికి నల్ల జుట్టు ముడితో జగ్గమ్మ, ఆవిడ పక్కన నుదుటి నిండా బొట్టుతో కూర్మమ్మ కనిపించారు. ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. గుడి మలుపు వచ్చింది. ఇద్దరు ముసలమ్మలూ కుర్చీల్లో ముందుకి వంగారు.

సరిగ్గా అప్పుడు కెమెరా పక్కకి తిరిగింది.

అక్కడ తప్పెటగుళ్ళవాళ్ళు ఆడుతున్నారు. ఛాతీ మీద తప్పెట్లు వాయించుకుంటూ ఒకడి భుజాల మీద ఒకడు ఎక్కి నిలబడుతున్నాడు. పైవాడు రెండు చేతులూ వదిలేసి తప్పెట వాయిస్తుంటే జనం ఈలలు వేస్తున్నారు. ఆ గోలలోనే వెనక ఎక్కడో ఠంగుమని బిందె పడ్డ చప్పుడు వినిపించింది. కెమెరా కదల్లేదు. పైవాడు కిందకి దూకేదాకా చూసి, అప్పుడు తాపీగా ఇటు తిరిగింది.

కూర్మమ్మ దుమ్ములో కూలబడి ఉంది, ఒళ్ళంతా పసుపునీళ్ళు. జగ్గమ్మ తన బిందె ఎవరికో అందించేసి, పక్కన గొంతుక్కూచుని తన పమిట కొంగుతో కూర్మమ్మ మొహం, తల తుడుస్తోంది. తుడుస్తూ ఏదో అంటోంది. కూర్మమ్మ ఆవిడ భుజం పట్టుకుని లేచింది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని గుడి వైపు నడిచిపోయారు.

కన్యాకుమారి టేపు ఆపింది. కూర్మమ్మ మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేసింది. మళ్ళీ కెమెరా పక్కకి తిరిగింది, మళ్ళీ బిందె పడింది, మళ్ళీ జగ్గమ్మ కొంగుతో తుడిచింది.

"నువ్వు తుడిసినట్టు నాకు గ్యాపకమే లేదొదినా," అంది కూర్మమ్మ.

"నాకు మాత్రం ఉన్నాదేటి," అంది జగ్గమ్మ. "మరి ఈ తగువు ఎవులెట్టీరు?"

ఆ సాయంత్రం వీధి కుళాయి దగ్గర కూర్మమ్మకి ఎవరో చెప్పారట, నిన్ను తోసింది జగ్గమ్మే, నేను చూశానని. ఆ ఎవరో ఎవరన్నది ఆవిడకి గుర్తు రాలేదు. జగ్గమ్మకీ అలాంటి మాటే ఇంకెవరో మోసుకొచ్చారు. ఆ ఎవరో కూడా ఎవరో తెలీదు. ఇద్దరూ కొన్ని పేర్లు అనుకున్నారు గాని వాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళని అడగడానికి ఇద్దరికీ సిగ్గేసింది.

ఆ కోపం ఎవరో ఒకరి మీద పడాలి కదా. జగ్గమ్మ కొట్లోంచి కొడుకుని పిలిపించింది. ఎవరికో మిక్సీ చూపిస్తున్నవాడు అది వదిలేసి వచ్చాడు. ఆవిడ తెర చూపించి, కెమెరా ఎందుకు తిప్పావని నిలదీసింది. పక్క నుంచి కూర్మమ్మ కూడా అందుకుంది. విశ్వనాథానికి మొదట విషయం అర్థం కాలేదు. అయ్యాక నెత్తి గోక్కున్నాడు.

"మనిషి మీద మనిషి నిలబడి సేతులొదిలీసి వాయిస్తన్నాడు. అది మానీసి మీ బిందెలు తియ్యమంటారేటి?"

నీవల్ల ఇరవై ఏళ్ళు పోయాయిరా అని తల్లి అంది. ఇంకా నయం, ఆ మలుపు తీసి ఉంటే తరవాతి ముక్క ఎవరూ చూసేవారు కాదు, అక్కడికే టేపు ఆపించేసి దెబ్బలాడుకునేవారు అని ఆయన అన్నాడు. ఆ మాటకి కూర్మమ్మకి నవ్వొచ్చింది. ఆవిడ నవ్వితే ఒళ్ళంతా కదులుతుంది. ఆవిణ్ణి చూసి జగ్గమ్మ, వాళ్ళిద్దర్నీ చూసి మిక్సీ కొనడానికి వచ్చి గుమ్మంలోంచి తొంగిచూస్తున్న మనిషి కూడా నవ్వారు. కన్యాకుమారి లోపలికెళ్ళి అందరికీ టీ పెట్టింది. కూర్మమ్మ కుర్చీ గుమ్మం దగ్గర నుంచి జగ్గమ్మ పక్కకి ఎప్పుడు జరిగిందో ఎవరూ గమనించలేదు.

మర్నాటి నుంచి కూర్మమ్మ సాయంత్రం ఆరింటికల్లా వచ్చేది. ఈయాల ఏటేస్తావే అని గుమ్మంలోనే అడిగేది. వీధిలో ఇంకొందరు ఆడవాళ్ళు చేరారు. రోజుకొక టేపు. వరదొచ్చిన రోజు చూసి మళ్ళీ భయపడ్డారు, బడి ఆటల పోటీల్లో ఇప్పుడు పిల్లల తండ్రులైనవాళ్ళు నిక్కర్లతో గోనెసంచుల్లో గెంతుతుంటే పొట్టలు పట్టుకున్నారు. పెళ్ళి టేపుల విషయంలో మాత్రం కన్యాకుమారి జాగ్రత్తగా ఉండేది. ఆ ఇంటివాళ్ళని అడిగి, సరేనంటేనే వేసేది. ఒక టేపులో పెళ్ళికూతురు తరవాత చాలా కష్టాలు పడింది. దాన్ని వెయ్యడం మాట అటుంచి, కాపీ తీసి, ఆ మనిషి ఊరికొచ్చినప్పుడు ఎవరూ లేకుండా చూసి చేతికిచ్చేసి, తన దగ్గరున్నది చెరిపేసింది. ఏది వెయ్యాలో తెలిసినట్టే ఏది వెయ్యకూడదో కూడా ఆవిడకి తెలుసు.

తప్పెటగుళ్ళ సంగతి ఊరు దాటి పోయింది. ఒక రోజు పొందూరు దారిలో ఉన్న పల్లె నుంచి లక్ష్ముడనే ముసలాయన బస్సు దిగి వెతుక్కుంటూ వచ్చాడు. భుజాల మీద నిలబడి వాయించినవాడు తానేనన్నాడు. ఇప్పుడు నడుము వంగింది, చెవి సరిగా వినపడదు. కూచోబెట్టి టేపు పెట్టారు. తెర మీద ఆయన పైకెక్కి చేతులొదిలినప్పుడు అందరూ ఆయన మొహం చూశారు, తన విద్య చూసుకుని మురిసిపోతాడని. ఆయన తనని తాను చూసుకోలేదు. తెర దగ్గరికెళ్ళి కింద మోస్తున్న మనిషి మీద వేలు పెట్టాడు.

"ఈడు మా అన్న. ఈడి బొమ్మ మా ఇంటికాడ ఒకటీ లేదు. ఈడి మొకం పెద్దది సేసి సూపించమ్మా."

కన్యాకుమారి అక్కడ ఆపి, ఎలా చెయ్యాలో కనుక్కుని ఆ మొహాన్ని పెద్దది చేసింది. చెమటతో తడిసి, పళ్ళు బిగించి, కళ్ళు మాత్రం నవ్వుతున్న మొహం. లక్ష్ముడు చాలాసేపు చూశాడు. ఆయన అన్న పోయి పన్నెండేళ్ళయింది. ఇంటి దగ్గర మనవలకి ఆయన ఎలా ఉండేవాడో చెప్పడానికి మాటలే తప్ప ఏమీ లేవట. ఆవిడ ఆ బొమ్మని శ్రీకాకుళంలో ఫోటో వేయించి, ఆట మొత్తం ఒక చిన్న పెన్‌డ్రైవులో ఎక్కించి పంపుతానంది. వెళ్ళే ముందు జగ్గమ్మా కూర్మమ్మా ఆయనకి తమ తగువు కథంతా చెప్పి, అంతా నీవల్లేనయ్యా అన్నారు. సరిగ్గా వినపడక ఆయన, మెచ్చుకుంటున్నారనుకుని రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

వానలు వెనకబట్టాక, కూర్మమ్మ ఇంట్లోనూ ఇదే కనపడాలని ఆ ఇంటి కోడలు అడిగింది. మోకాళ్ళ నొప్పులొచ్చిన రోజున ముసలావిడ వీధి దాటలేకపోతోంది. గోడలు అడ్డమై వైఫై అక్కడి దాకా సరిగా అందలేదు. విశ్వనాథం నిచ్చెన తీశాడు. అరవై దాటినవాడివి నీకెందుకు, ఎవరినైనా పిలుద్దామని అందరూ అన్నారు. ఆయన వినకుండా ఈ మేడ నుంచి ఆ మేడకి వీధి మీదుగా ఒక వైరు లాగాడు. కింద కన్యాకుమారి ఆయన దిగేదాకా నిచ్చెన వదల్లేదు. ఆయన దిగి వచ్చి, మోకాళ్ళు పట్టేశాయని రెండు రోజులు కొట్లో కుర్చీలోంచి లేవలేదు గాని ముఖం మాత్రం వెలిగిపోయింది.

ఇలాంటి డబ్బాలు తయారు చేసి కొట్లో అమ్ముదామని ఆయనకొక ఆలోచన వచ్చింది. కన్యాకుమారి వద్దంది. కావాలన్నవాళ్ళు బోర్డు తెచ్చుకుని వచ్చి తన వంటింట్లో కూచుంటే నేర్పుతానంది. ఇప్పటికి అలా ముగ్గురు నేర్చుకుని వెళ్ళారు. విజయనగరంలో సింధూరి అత్తగారు సుహాసినికి ఒకటి బిగించడానికి ఆవిడ తానే రైలెక్కి వెళ్ళొచ్చింది. సంగీతం టీచరుగా చేసి మానేసిన సుహాసిని, తన శిష్యుల పాటల కచేరీలన్నీ ఒకచోట చేర్చుకుని, రెండు రోజులు వియ్యపురాలిని కదలనివ్వలేదు.

పాత టేపులు ఒక రోజు అయిపోతాయి కదా. ఈ మధ్య కన్యాకుమారి కొత్తవి తీయడం మొదలుపెట్టింది. కూర్మమ్మకి నాట్లప్పుడు పాడే పాటలు చాలా వచ్చు. ఫోను ఎదురుగా పెట్టేసరికి ఆవిడకి గొంతు పెగలదు. ఒదిన కూడా పాడితేనే పాడతానంటుంది. జగ్గమ్మ పప్పుల కొట్టు మనిషి, పొలం గట్టు ఎక్కలేదు, ఒక్క పాటా రాదు. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని, కూర్మమ్మ ప్రతి వరస ముగించగానే చివరి మాటని పట్టుకుని ఇంకా పెద్దగా పాడుతుంది. మాట తప్పు పట్టుకుంటే కూర్మమ్మ ఆగి సరిచేస్తుంది. ఇప్పటికి రెండు పాటలయ్యాయి. మూడోది నిన్న మొదలుపెట్టారు.